నిదానంగా కాలే మందు

(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థుల ప్రసంగాల కార్యక్రమంలో చేసిన ప్రసంగం పూర్తి పాఠం)



"అమెరికా ఎలా వెళ్లారు, ఎంత కష్టపడ్డారు అన్నవి అందరూ చెబుతున్నారు. మీకు బాగా తెలిసిన విషయం ఒక్కటి తీసుకుని పిల్లలకు అర్థమయ్యేలా చెప్పండి" అని కార్యవర్గం వాళ్లు నన్ను కోరారు. నేను మెకానికల్ ఇంజనీరును. అధిక పీడనాన్ని తట్టుకునే పాత్రలకు లెక్కలు కట్టడం నా వృత్తి. కొలరాడోలో ఇరవై ఏళ్లకు పైగా ఉంటున్నాను. అక్కడ నాకున్న వ్యాపకం రైఫిల్ షూటింగ్. కంగారు పడకండి, జంతువుల మీద కాదు. వెయ్యి గజాల దూరంలో నిలబెట్టిన ఇనుప పలక మీద. ఆ తూటాలు కొట్లో కొనకుండా నేనే కూర్చుకుంటాను. దాన్ని హ్యాండ్‌లోడింగ్ అంటారు. అందులో మాగ్నమ్ అనే పెద్ద తూటాలకు నెమ్మదిగా కాలే మందును ఎలా ఎంచుకోవాలన్నది ఇవాళ్టి నా విషయం.

ముందుగా ఒక హెచ్చరిక. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. అమెరికాలో సొంత వాడకానికి కూర్చుకోవడం చట్టం ఒప్పుకున్న వ్యాపకం. పనిముట్లు, మందు డబ్బాలు, కొలతల పుస్తకాలు కొట్లలోనే దొరుకుతాయి. కాబట్టి నేను చెప్పేదంతా అక్కడి సంగతి. ఏ తూటాలో ఏ మందు ఎంత పోయాలన్న అంకె మాత్రం ఈ ప్రసంగంలో ఒక్కటి కూడా ఉండదు. ఎందుకు ఉండదో చివరికి మీకే తెలుస్తుంది.

మరి ఈ బడిలో ఈ సంగతి ఎందుకు? వెనక వరసల్లో కూర్చున్న చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. రైఫిల్ కొనుక్కుని రేంజికి వచ్చే మన కుర్రాళ్లు అక్కడ నాకు కనిపిస్తుంటారు. వాళ్లలో కొందరు తూటాలు కూర్చడం కూడా మొదలుపెట్టారు. వాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "అంకుల్, నెమ్మదిగా కాలే మందంటే మెత్తనిదే కదా, కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదు కదా?" ఆ ప్రశ్నలో రెండు ప్రమాదాలున్నాయి. నెమ్మదిగా కాలే మందు మెత్తనిది కాదు. అటూ ఇటూ అయితే వేళ్లు పోతాయి, కళ్లు పోతాయి. ఈ రెండు మాటలూ ఎందుకు నిజమో వివరించడమే నా ప్రసంగం.

మన భాషలో మందు అన్న మాటకు మూడు అర్థాలున్నాయి. డాక్టరు ఇచ్చేదీ మందే, సాయంత్రం పూట కొందరు పుచ్చుకునేదీ మందే, తుపాకీలో పోసేదీ మందే. మూడింటికీ ప్రాణం మోతాదులో ఉంది.

తూటాలో నాలుగు భాగాలుంటాయి. బయట ఇత్తడి కేసు. దాని అడుగున ప్రైమర్ అనే చిన్న చిప్ప. దానికి తుపాకీ సూది తగిలితే నిప్పు పుడుతుంది. కేసు లోపల మందు. మూతిలో బిగించిన గుండు. పేల్చాక కేసు మనకు మిగులుతుంది. దాన్ని శుభ్రం చేసి, అచ్చులో దూర్చి పాత కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్, కొత్త మందు, కొత్త గుండు పెట్టడమే హ్యాండ్‌లోడింగ్. మందును గ్రెయిన్లలో తూస్తారు. ఏడు వేల గ్రెయిన్లు ఒక పౌండు. ఒక గ్రెయిన్ దాదాపు 65 మిల్లీగ్రాములు. కంసాలి తూకంలో చెప్పాలంటే గురివింద గింజ ఎత్తులో సగానికి రవ్వంత ఎక్కువ. ఈ పనిలో గ్రెయినులో పదోవంతు వరకూ తూస్తాం. బంగారం తూచేవాడి ఓపిక కావాలి.

ఇక ఇంజనీరు కళ్లతో చూద్దాం. రైఫిల్ ఒక పీడన పాత్ర. కాకపోతే దానికి ఒక గోడ కదులుతుంది. ఆ కదిలే గోడే గుండు. మీ కారు టైరులో గాలి 32 పీఎస్ఐ ఉంటుంది. 300 విన్‌చెస్టర్ మాగ్నమ్ అనే తూటాకు అమెరికా తయారీదార్ల సంస్థ పెట్టిన గరిష్ఠ పీడనం 64,000 పీఎస్ఐ. టైరుకు రెండు వేల రెట్లు. 1926లో ఏర్పడిన ఆ సంస్థను పొట్టిగా సామి అంటారు. ఏ తూటాకు ఎంతవరకు పీడనం ఉండవచ్చో హద్దు గీసేది అదే. ఆ పీడనం కాల్చేవాడి చెంపకు జానెడు దూరంలో పుడుతుంది. గుండు గొట్టం దాటడానికి పట్టే కాలం సెకనులో వెయ్యోవంతు కంటే కాస్త ఎక్కువ. ఏదైనా తేడా వస్తే మనిషి రెప్పవేసే వ్యవధి కూడా ఉండదు.

మాగ్నమ్ అంటే లాటిన్‌లో పెద్దది అని. ఒకటిన్నర లీటర్ల ద్రాక్షసారాయి సీసాను కూడా ఆ పేరుతోనే పిలుస్తారు. తూటాల విషయంలో దీనికి కచ్చితమైన నిర్వచనం లేదు. గొట్టం వ్యాసానికి మామూలుగా ఉండే కేసు కంటే పెద్ద కేసు అని అర్థం చేసుకుంటే చాలు. లండన్‌లోని హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ 1912లో 375 మాగ్నమ్‌ను, 1925లో 300 మాగ్నమ్‌ను తెచ్చింది. అప్పట్లో వాటిలో వాడింది కార్డైట్. సేమియాలాగా పొడుగాటి పుల్లలుగా ఉండే మందు. నీలగిరి కొండల్లో అరువంకాడులో 1903లో మొదలైన ఫ్యాక్టరీకి కార్డైట్ ఫ్యాక్టరీ అన్న పేరు దానివల్లే వచ్చింది. 300 విన్‌చెస్టర్ మాగ్నమ్ 1963లో వచ్చింది.

ఇప్పుడు పదో తరగతి పిల్లలు కొంచెం శ్రద్ధగా వినండి. 30-06 అనేది 1906 నాటి అమెరికన్ తూటా. దాని గుండు వ్యాసం 0.308 అంగుళం. 300 విన్‌చెస్టర్ మాగ్నమ్ గుండు వ్యాసం కూడా అంతే. 30-06 కేసును నీటితో నింపితే సుమారు 68 గ్రెయిన్లు పడుతుంది. మాగ్నమ్‌లో సుమారు 90. అంటే లోపల మూడోవంతు చోటు ఎక్కువ. 180 గ్రెయిన్ల గుండును 30-06 సెకనుకు 2,700 అడుగుల వేగంతోనూ, మాగ్నమ్ 2,960 అడుగుల వేగంతోనూ పంపుతాయని కంపెనీల పట్టికల్లో కనిపిస్తుంది. గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుందని మీరు చదువుకున్నారు. లెక్క కట్టండి. గుండు శక్తి 20 శాతం పెరిగింది. మరి గరిష్ఠ పీడనం ఎంత పెరిగింది? 60,000 నుంచి 64,000కు. ఏడు శాతం కూడా లేదు. మరి మిగతా శక్తి ఎక్కడ నుంచి వచ్చింది?

పీడనం ఎంత ఎత్తుకు లేచిందన్నది ఒక్కటే లెక్క కాదు. ఎంత దూరం వరకు నిలబడిందన్నది అసలు లెక్క. పని అంటే బలం ఇంటూ దూరం. 24 అంగుళాల గొట్టంలో గుండు దాదాపు 22 అంగుళాలు ప్రయాణిస్తుంది. దాని శక్తిని ఆ దూరంతోనూ గొట్టం అడ్డుకోత వైశాల్యంతోనూ భాగిస్తే సగటు పీడనం వస్తుంది. 30-06లో అది సుమారు 21,000 పీఎస్ఐ, మాగ్నమ్‌లో దాదాపు 26,000. శిఖరం కొంచెమే పెరిగింది, సగటు బాగా పెరిగింది. అంటే మాగ్నమ్‌లో శిఖరం దాటాక పీడనం చటుక్కున పడిపోలేదు. గుండు వెంట పరుగెత్తింది.

బ్యాటరీ దిగిపోయిన ఆర్టీసీ బస్సును తోసిన అనుభవం మా వయసు వాళ్లందరికీ ఉంది. పదిమంది కలిసి ఒక్కసారి ధడేలున గుద్దితే బస్సు కదలదు, మన భుజాలు పోతాయి. అదే పదిమంది ముందు నడుస్తూ, తర్వాత పరుగెడుతూ, చెయ్యి తీయకుండా తోస్తే ఇంజను అందుకుంటుంది. వేగంగా కాలే మందు గుద్దుతుంది. నెమ్మదిగా కాలే మందు తోస్తుంది. గ్రాముకు గ్రాము రెండింటిలోనూ శక్తి ఇంచుమించు ఒకటే. నెమ్మది మందును అదే పీడనం హద్దులో ఎక్కువగా పోయవచ్చు కాబట్టి మొత్తం శక్తి ఎక్కువ. అందుకే అది మెత్తనిది కాదన్నాను. పెద్ద కేసులో అన్నిటికంటే వేగంగా గుండును పంపేది అన్నిటికంటే నెమ్మదిగా కాలే మందుల్లోనే ఉంటుంది.

మందు కాలే తీరులో ఒక మెలిక ఉంది. మూసిన చోట మందు కాలితే వాయువు పుట్టి పీడనం పెరుగుతుంది. పీడనం పెరిగితే మందు ఇంకా వేగంగా కాలుతుంది. వేగంగా కాలితే పీడనం మళ్లీ పెరుగుతుంది. ఇది చక్రవడ్డీ. పీడనానికీ కాలే వేగానికీ ఉన్న ఈ సంబంధానికి పాల్ వియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పేరు పెట్టారు. పొగ రాని తుపాకీ మందును 1884లో ఆయనే తయారుచేశాడు. ఈ చక్రవడ్డీని ఆపేది ఒక్కటే, గుండు ముందుకు జరిగి వాయువుకు చోటివ్వడం. ఒకవైపు వాయువు పుడుతుంటుంది, మరోవైపు చోటు పెరుగుతుంటుంది. మందును ఎంచుకోవడమంటే ఈ రెండింటికీ జోడీ కుదర్చడం.

ఇక్కడి నుంచి మూడు సూత్రాలు వాటంతట అవే వస్తాయి. కేసు పెద్దదై గొట్టం సన్నదైతే చోటు ఆలస్యంగా పెరుగుతుంది, కాబట్టి నెమ్మది మందు కావాలి. గుండు బరువైతే బద్ధకంగా కదులుతుంది, కాబట్టి ఇంకా నెమ్మది మందు కావాలి. కేసు చిన్నదై గుండు తేలికైతే నెమ్మది మందు సరిగా అంటుకోకుండానే గుండు వెళ్లిపోతుంది, కాబట్టి వేగం మందు కావాలి.

మరి మందును నెమ్మదిగా కాల్చడం ఎలా? దీపావళికి మీరు కాల్చే చిచ్చుబుడ్డిలోనూ టపాకాయలోనూ మందు కాలేదే. ఒకటి పూలు పూస్తుంది, ఒకటి ఢామ్మంటుంది. తేడా ఎంత బిగించారు, పలుకు ఎంత లావు అన్నదాంట్లో చాలావరకు ఉంది. సన్నటి చితుకులు భగ్గుమంటాయి, మొద్దు రాత్రంతా రగులుతుంది. మందు పలుకు పైపొర మీదే కాలుతుంది, పొర తర్వాత పొర. కాలే ఉపరితలం ఎంత ఉంటే వాయువు అంత పుడుతుంది.

కానీ మామూలు పలుకుతో ఒక చిక్కుంది. కాలేకొద్దీ అది చిన్నదవుతుంది, ఉపరితలం తగ్గుతుంది. గుండు నిలబడి ఉన్నప్పుడు ఎక్కువ వాయువు, పరుగెడుతున్నప్పుడు తక్కువ వాయువు. మనకు కావలసింది సరిగ్గా తిరగేసి. దీనికి ఉపాయం 1860 ప్రాంతంలో అమెరికా సైన్యంలో థామస్ రాడ్మన్ అనే అధికారి కనిపెట్టాడు. పెద్ద ఫిరంగుల మందును బిళ్లలుగా నొక్కి, వాటికి చిల్లులు పెట్టాడు. నిప్పు చిల్లుల లోపల కూడా అంటుకుంటుంది. కాలేకొద్దీ చిల్లులు వెడల్పవుతాయి, లోపలి ఉపరితలం పెరుగుతుంది.

అమ్మలూ, అమ్మమ్మలూ, మీకు ఇది కొత్త కాదు. గ్యాస్ రాకముందు రంపంపొట్టు పొయ్యి ఎలా కూరేవారు? మధ్యలో రోకలి నిలబెట్టి, చుట్టూ పొట్టు దట్టించి, రోకలి మెల్లగా పైకి లాగేవారు. ఆ బెజ్జం గోడలకు నిప్పు అంటుకుని లోపల నుంచి బయటికి కాలేది. బెజ్జం పెద్దదయ్యేకొద్దీ మంట పెరిగేది, కూర అయ్యే వేళకు పొయ్యి మంచి సెగ మీద ఉండేది. రాడ్మన్ బిళ్లలో ఉన్నది మీ పొట్టుపొయ్యే. శ్రీహరికోటలో పీఎస్ఎల్‌వీ మొదటి దశకు సుమారు 138 టన్నుల ఘన ఇంధనం పోత పోస్తారు. దాని నడుమ కూడా ఖాళీ దారి వదిలి, లోపల నుంచి బయటికి కాలుస్తారు. ఆ దారి ఆకారాన్ని బట్టి రాకెట్టు తోపు ఎప్పుడు ఎంత ఉండాలో నిర్ణయమవుతుంది.

రైఫిల్ మందు పలుకులు చాలా చిన్నవి, బియ్యపు నూకలంత ఉంటాయి. ఎక్కువ రకాలు పొట్టి గొట్టాల్లా ఉండి నడుమ ఒకే సన్నని చిల్లుతో ఉంటాయి. వాటికి మరో ఉపాయం కూడా చేర్చారు. పలుకు పైపొరకు మంటను ఆలస్యం చేసే రసాయనాన్ని పట్టిస్తారు. మొదట ఆ పొర బద్ధకంగా కాలుతుంది, ఈలోగా గుండు కదులుతుంది, తర్వాత లోపలి మందు జోరందుకుంటుంది. ఈ పూత ఎక్కువగా ఉన్న మందును అంటించడానికి బలమైన నిప్పు కావాలి. మాగ్నమ్ ప్రైమర్లు అందుకే ఉన్నాయి.

ఇక కొట్టు ముందుకు వద్దాం. అరలో ఇరవై ముప్ఫై రకాల డబ్బాలుంటాయి. 308 విన్‌చెస్టర్ లాంటి మధ్యరకం కేసుకు వర్గెట్ లాంటి మధ్యరకం మందు వాడతారు. 300 విన్‌చెస్టర్ మాగ్నమ్‌లో 180 గ్రెయిన్ల గుండుకు హెచ్ 4831, ఐఎంఆర్ 7828, రీలోడర్ 22, ఫిన్లండ్ వాళ్ల విహ్టవూరి ఎన్ 165 లాంటివి ఆ తూటా పట్టికల్లో కనిపిస్తాయి. గుండు 200 గ్రెయిన్లు దాటితే హెచ్ 1000 లాంటి ఇంకా నెమ్మది రకాల వైపు చూస్తారు. 300 రెమింగ్టన్ అల్ట్రా మాగ్నమ్ లాంటి ఇంకా పెద్ద కేసులకు రెటుంబో లాంటివి వస్తాయి.

వీటిలో నేను ఎంచుకునేటప్పుడు మొదట చూసేది కేసు ఎంతవరకు నిండుతుందన్నది. పట్టిక చెప్పిన మోతాదుకు కేసు దాదాపు నిండేది నాకు ఇష్టం. దీనికి కారణం ఇంజనీరింగులోనే ఉంది. వేగం మందు సగం కేసు కూడా నిండదు. మనసు ఎటో ఉండి ఒకే కేసులో రెండుసార్లు పోస్తే రెండూ పడతాయి, బయటికి తెలియదు. నిండుగా పట్టే నెమ్మది మందును రెండుసార్లు పోస్తే బల్ల మీద ఒలికిపోతుంది. తప్పు తనంతట తానే కనిపించే ఏర్పాటు అది. నా వృత్తిలో అలాంటి ఏర్పాటుకు చాలా విలువ ఉంది.

రెండోది ఎండా చలీ. మందు వేడెక్కితే వేగంగా కాలుతుంది. కొలరాడోలో జనవరిలో నీళ్లు గడ్డకడతాయి, జులైలో కారులో పెట్టిన తూటా చెయ్యి కాలేలా ఉంటుంది. చలికాలంలో హద్దు వరకు పోసి కూర్చిన తూటా ఎండాకాలం హద్దు దాటవచ్చు. ఉష్ణోగ్రత తేడాకు తక్కువగా చలించే మందులు ఇప్పుడున్నాయి. హెచ్ 4831, హెచ్ 1000, రెటుంబో ఆ కోవలోవి. అమెరికన్ డబ్బాల్లో అమ్ముతున్నా అవి తయారయ్యేది ఆస్ట్రేలియాలోని ముల్వాలా ఊళ్లో.

మూడోది గొట్టం పొడుగు. నెమ్మది మందు పొట్టి గొట్టానికి పనికిరాదని చాలామంది అంటారు. నిజానికి పొడుగు గొట్టంలో ఎక్కువ వేగం ఇచ్చే మందే సాధారణంగా పొట్టి గొట్టంలోనూ ఎక్కువ వేగం ఇస్తుంది. గొట్టం మూతి దగ్గర మంట, చప్పుడు పెరుగుతాయంతే.

ఇప్పుడు ప్రమాదాల దగ్గరికి వస్తాను. మొదటిది పేర్లతో వచ్చేది. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక 20 మిల్లీమీటర్ల ఫిరంగుల కోసం చేసిన 4831 అనే మందు అమెరికా ప్రభుత్వం దగ్గర గుట్టలుగా మిగిలింది. కాన్సాస్‌లో బ్రూస్ హాడ్గ్డన్ అనే ఆయన దాన్ని కొని తూటాలు కూర్చుకునేవాళ్లకు చవగ్గా అమ్మాడు. మాగ్నమ్ తూటాలు సామాన్యులకు అందుబాటులోకి రావడానికి ఆ మిగులు మందు చాలా తోడ్పడింది. అది హెచ్ 4831 అయింది. తర్వాత డ్యూపాంట్ కంపెనీ ఐఎంఆర్ 4831 పేరుతో మరో మందు తెచ్చింది. అంకె ఒకటే, మందు ఒకటి కాదు. ఐఎంఆర్ రకం కొంచెం వేగంగా కాలుతుంది. హెచ్ రకానికి రాసిన గరిష్ఠ మోతాదు ఐఎంఆర్ రకంలో పోస్తే పీడనం హద్దు దాటుతుంది. మా రేంజిలో ఒక పెద్దాయనకు ఇలాగే జరిగింది. రైఫిల్ బోల్ట్ తెరుచుకోక కొయ్య సుత్తితో కొట్టి తీయాల్సి వచ్చింది. లోపలి ఇత్తడి కేసు అడుగు ఉబ్బిపోయి ఉంది. ఆయనకు దెబ్బ తగల్లేదు, కానీ చేతుల వణుకు తగ్గడానికి అరగంట పట్టింది. ముప్ఫై ఏళ్లుగా తూటాలు కూర్చుకుంటున్న మనిషి. అక్షరాలు చదవలేదు, అంకె చదివాడు.

రెండో ప్రమాదం వరస పట్టికలతో. అన్ని మందులనూ వేగం నుంచి నెమ్మదికి వరసగా రాసిన పట్టికలు దొరుకుతాయి. అవి ఊరికి దారి చూపే రాళ్లే తప్ప కొలబద్దలు కావు. ఆ వరసలో పక్కపక్కనున్న రెండు మందుల మధ్య తేడా ఎంతో పట్టిక చెప్పదు. కేసు మారితే వరస కూడా తారుమారు కావచ్చు. 2020 తర్వాత అమెరికాలో ప్రైమర్లకూ మందు డబ్బాలకూ కరువు వచ్చింది. కావలసిన డబ్బా దొరకదు, దాని పక్క డబ్బా మాత్రం ఉంటుంది. వరస పట్టికలో రెండూ ఇరుగుపొరుగే కదా, ఇదే మోతాదు అందులో పోస్తే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. మందు మారితే ఆ మందుకు, ఆ గుండు బరువుకు, ఆ కేసుకు రాసిన పట్టిక కొత్తగా తీయాలి. అది దొరక్కపోతే ఆ రోజు రేంజికి వెళ్లకూడదు.

మూడోది చాలామంది నమ్మలేనిది. ఎక్కువైతేనే కాదు, తక్కువైనా ప్రమాదమే. పెద్ద కేసులో నెమ్మది మందు బాగా తక్కువగా పోసినప్పుడు రైఫిళ్లు పగిలిపోయిన సందర్భాలున్నాయి. మందు కేసులో అడ్డంగా పడుకుని ఉండటం, సరిగా అంటుకోక ముందు గుండు కొద్దిగా జరిగి ఆగిపోవడం, తర్వాత ఒక్కసారిగా పీడనం లేవడం అని ఒక వివరణ. దాని మీద ఇంకా వాదనలున్నాయి. వాదన ఎలా తేలినా తయారీదార్ల పుస్తకాలు చెప్పేది స్పష్టంగానే ఉంది. పట్టికలో మొదటి మోతాదు కంటే కిందికి దిగవద్దు. కాబట్టి పట్టికలో రెండు గోడలున్నాయి, పైన ఒకటి, కింద ఒకటి. ఆ రెంటి మధ్యే మన నడక.

నాలుగోది గుర్తుల మీద భరోసా. ప్రైమర్ చదునైపోవడం, బోల్ట్ గట్టిగా రావడం పీడనం పెరిగిందనడానికి గుర్తులు. అవి కనిపించలేదు కాబట్టి ఇంకొంచెం పోయవచ్చు అనుకుంటారు. ఆ గుర్తులు చాలా ఆలస్యంగా వస్తాయి, అవి వచ్చేసరికే హద్దు దాటి ఉంటాం. అంతకంటే నమ్మదగింది వేగం కొలిచే క్రోనోగ్రాఫ్. పుస్తకం చెప్పిన వేగం కంటే మన గుండు ఎక్కువ వేగంతో పోతుంటే సంతోషించకూడదు. ఊరికే వేగం రాదు. ఎక్కడో ఎక్కువ పీడనం పుట్టింది, దాని ఫలితమే ఆ వేగం.

నా బల్ల దగ్గర కొన్ని నియమాలు పెట్టుకున్నాను. బల్ల మీద ఎప్పుడూ ఒకే మందు డబ్బా. పని అయ్యాక మిగిలింది అదే డబ్బాలో పోసి, మూత పెట్టి, అరలో పెట్టాకే మరో డబ్బా తీయాలి. మందు కంపెనీ పట్టిక, గుండు కంపెనీ పట్టిక రెండూ చూడాలి. తేడా ఉంటే తక్కువ మోతాదుతో మొదలుపెట్టాలి. అక్కడి నుంచి కొద్దికొద్దిగా పెంచుతూ, ప్రతి మెట్టునా వేగం రాసుకోవాలి. కేసు రకం, ప్రైమర్, గుండు, మందు డబ్బా మీది లాటు నంబరు, వీటిలో ఏది మారినా మళ్లీ కింద నుంచి రావాలి. పని చేస్తున్నప్పుడు ఫోను ఆ గదిలో ఉండకూడదు.

ఇంట్లో నిల్వ గురించి ఒక మాట. మందును కంపెనీ డబ్బాలోనే ఉంచాలి. ఆ డబ్బాను కావాలనే పలచగా చేస్తారు, నిప్పంటుకుంటే చీలిపోయి మందు బయట కాలిపోతుంది. గట్టి ఇనుప పెట్టెలో బిగించి తాళం వేస్తే దాన్ని బాంబుగా మార్చినట్టే. పిల్లలకు అందకుండా ఉంచాల్సింది అలమారానికి తాళం వేసి, డబ్బాను బిగించి కాదు. పాతబడిన మందు ఘాటైన ఆమ్లం వాసన వేస్తుంది, డబ్బాలో ఎర్రటి దుమ్ము కనిపిస్తుంది. అలాంటి డబ్బాను వాడటం మాని, అక్కడి అగ్నిమాపక సిబ్బందిని అడిగి వదిలించుకోవాలి.

ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది, మోతాదు అంకె నేను ఎందుకు చెప్పలేదో. నా రైఫిలుకు, నా కేసుకు, నా డబ్బాకు సరిపోయిన అంకె మీ అబ్బాయి రైఫిలుకు సరిపోతుందని నేను చెప్పలేను. స్నేహితుడు వాట్సాప్‌లో పంపిన అంకెలో హెచ్ అన్న అక్షరం జారిపోయి ఉండవచ్చు. పీడనం కొలిచే పరికరాలున్న ప్రయోగశాలలో కొలిచి, అచ్చు వేసి, ఏటేటా సరిచూసే పట్టిక చేతికి దొరుకుతున్నప్పుడు నోటి మాట మీద ఆధారపడాల్సిన అవసరం లేదు. మీ పిల్లలు ఫోను చేసినప్పుడు, ఈ వ్యాపకం ఉన్నవాళ్లయితే, అడగండి. "ఏ పుస్తకం చూసి పోస్తున్నావు?" అని ఒక్క ప్రశ్న. తడుముకోకుండా పుస్తకం పేరు చెబితే నిశ్చింతగా ఉండండి. "ఒక ఫ్రెండ్ చెప్పాడు" అంటే మాత్రం నా నంబరు కార్యవర్గం దగ్గర ఉంది, నాతో మాట్లాడమనండి.

చివరగా పిల్లలకు ఒక లెక్క. ఒక పొడుగాటి గొట్టం లాంటి పలుకు ఉందనుకోండి. బయటి వ్యాసార్థం పెద్దది, నడుమ చిల్లు వ్యాసార్థం చిన్నది. బయట నుంచి లోపలికి, చిల్లు నుంచి బయటికి, రెండు వైపులా ఒకే వేగంతో కాలుతోంది. రెండు చివర్లూ వదిలేయండి. కాలే ఉపరితలం పెరుగుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా? వృత్తం చుట్టుకొలత సూత్రం ఒక్కటి వస్తే చాలు. ఒక చిల్లుకు బదులు ఏడు చిల్లులుంటే ఏమవుతుందో కూడా చూడండి. జవాబు వచ్చినవాళ్లు భోజనాల దగ్గర నా పక్కన కూర్చుని కాగితం మీద చేసి చూపించాలి. ఊహించి చెబితే ఒప్పుకోను.